మనిషీ బొమ్మా ఒకే ఫ్రేములో: స్టూడెంట్ షార్ట్ ఫిల్మ్‌లో శ్రమ ఎక్కడ పెట్టాలి

మీరు అడిగినవి మూడు. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి? గ్రీన్ స్క్రీన్ కావాలా? బొమ్మను 2డీలో చేయాలా, 3డీలోనా? కథ కూడా టూకీగా చెప్పారు: ఒక అమ్మాయి నోటుబుక్కులో గీసుకున్న ఉడుత కాగితం మీంచి లేచి వచ్చి ఆమె గదిలో తిరుగుతుంది. నిడివి 5 నిమిషాలు. మీరు నలుగురు, అందులో బొమ్మలు వేయగలిగేది ఒక్కరు. చేతిలో ఉన్నది 3 నెలలు, షూటింగ్ ఫోనుతో. మూడింటికీ జవాబులున్నాయి, అవి చిన్నవే. వాటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. ఆ గదిలో నిజంగా ఉడుత ఉందని చూసేవాళ్లు ఎందుకు నమ్ముతారు?

దాని చుట్టూ ఉన్న మనుషులూ వస్తువులూ దాన్ని లెక్కలోకి తీసుకున్నప్పుడు నమ్ముతారు. అది దూకినచోట పుస్తకం కదలాలి. అది పరిగెత్తిన వైపు అమ్మాయి చూపు పోవాలి. టేబుల్ లైటు ముందుకి వస్తే దాని నీడ గోడ మీద పడాలి. ఇవి ఉంటే గీత కాస్త వంకర పోయినా ఎవరూ పట్టించుకోరు. ఇవి లేకపోతే ఎంత చక్కటి యానిమేషనైనా వీడియో మీద అంటించిన స్టిక్కరులాగే కనిపిస్తుంది. ఈ కదలికల్లో, చూపుల్లో ఎక్కువ భాగం షూటింగ్ రోజున కెమెరా ముందు పుట్టేవి. ఆ రోజు దొరకనివాటిని తర్వాత కంప్యూటర్ దగ్గర పుట్టించాలంటే పదింతలు కష్టపడాలి, అయినా పూర్తిగా కుదరదు. అందుకే నేను చెప్పేదంతా షూటింగ్ వైపే మొగ్గుతుంది.

ఇది కొత్త సంగతి కాదు. విన్సర్ మెకే అనే అమెరికన్ కార్టూనిస్టు 1914లో గర్టీ అనే డైనోసార్ యానిమేషన్‌తో స్టేజీ ప్రదర్శనలిచ్చాడు. తెర పక్కన కొరడా పట్టుకుని నిలబడి ఆజ్ఞలిచ్చేవాడు. తెర మీది గర్టీ కొన్ని వినేది, కొన్నిటికి మొరాయించేది, కసురుకుంటే ఏడ్చేది. ఆయన పండు విసిరినట్టు చేసి అరచేతిలో దాచుకునేవాడు, సరిగ్గా అప్పుడే గర్టీ తెర మీద పండును నోటితో అందుకునేది. అక్కడ రెండు దృశ్యాలను కలిపే సాంకేతికత ఏమీ లేదు, మనిషి టైమింగ్ ఒక్కటే ఉంది. 1988లో వచ్చిన, నిజమైన నటులతో ఒక బొమ్మ కుందేలు కలిసి నటించిన 'హూ ఫ్రేమ్డ్ రోజర్ రాబిట్'లో ఒకచోట నటుడు బాబ్ హాస్కిన్స్ తల వేలాడే దీపానికి తగులుతుంది. దీపం ఊగినంతసేపూ కుందేలు మీద వెలుగూ నీడా మారుతూనే ఉంటాయి. ఆ దీపం ఊగకపోయినా కథకు లోటేమీ లేదు, కానీ అది ఊగడం వల్లే కుందేలు ఆ గదిలోదైపోయింది. అదే సినిమాలో బొమ్మ పాత్రలు పట్టుకునే నిజమైన వస్తువులను సెట్లోనే తీగలతో, యంత్రాలతో కదిలించి తీశారు. మీ స్థాయిలో యంత్రాలు అక్కర్లేదు, సన్నని నైలాన్ దారం చాలు. దాని సంగతి కిందికొచ్చాక చెబుతాను.

ముందు లెక్క చూసుకోండి, ఎందుకంటే ఇలాంటి స్టూడెంట్ సినిమాలు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపితే, యానిమేటర్ల భాషలో 'టూస్' మీద చేస్తే, సెకనుకు 12 బొమ్మలు. ఉడుత తెర మీద ఒక నిమిషం కనిపిస్తే 720 బొమ్మలు. ప్రతి బొమ్మకూ రఫ్ (చిత్తు గీత), క్లీనప్ (దాన్ని శుభ్రంగా తిరిగి గీయడం), రంగు, నీడ ఉంటాయి. కొత్తగా చేసేవాళ్లు రోజుకు 15 బొమ్మలు పూర్తిగా తేల్చగలిగితే అది మంచి వేగమే. ఆ వేగంతో 720 బొమ్మలంటే 48 రోజులు, ఒక్కరోజు కూడా సెలవు లేకుండా. మూడు నెలల్లోంచి కథ, షూటింగ్, ఎడిటింగ్, కంపోజిటింగ్ (బొమ్మను వీడియోలో కలపడం), సౌండ్ తీసేస్తే మీకు 48 రోజులు మిగలవు. 40 సెకన్లకు తగ్గించండి. 480 బొమ్మలు, 32 రోజులు. ఇది చేయగలిగిన పని.

ఐదు నిమిషాల సినిమాలో 40 సెకన్ల ఉడుత సరిపోతుందా అని సందేహపడకండి. ఉడుత కనిపించే షాట్లు సగటున రెండున్నర సెకన్లనుకుంటే 16 షాట్లు వస్తాయి. మిగతా సమయమంతా అది ఉన్నట్టు తెలుస్తూనే ఉంటుంది: మంచం కింద గీరుతున్న చప్పుడు, దుప్పటి కింద కదులుతున్న చిన్న ఉబ్బు, షెల్ఫు మీంచి ఒకటొకటిగా కింద పడుతున్న పెన్సిళ్లు, నోటుబుక్కులో ఖాళీ అయిపోయిన పేజీ, దాని చూపుతో నేలకు దగ్గరగా తీసిన షాట్లు, ముఖ్యంగా అమ్మాయి ముఖం. వీటిలో దేనికీ ఒక్క బొమ్మ కూడా గీయక్కర్లేదు. పైగా ఇవి బడ్జెట్ కోసం పడే సర్దుబాటులా ఉండవు. కనిపించీ కనిపించకుండా తిరిగే జంతువు కథకు ఉత్కంఠనిస్తుంది, ఎదురుగా నిమిషాల తరబడి కనిపించే జంతువు ఇవ్వదు. స్క్రిప్టు తిరగరాసేటప్పుడు ప్రతి ఉడుత షాటు పక్కనా ఈ ప్రశ్న రాసుకోండి: ఇక్కడ బొమ్మ కనిపించి తీరాలా, లేక అది చేసిన పని కనిపిస్తే చాలా?

కనిపించి తీరాల్సిన షాట్లకు నాదొక నియమం ఉంది, చాలా గట్టిగా చెబుతాను: ప్రతి షాటులోనూ బొమ్మ నిజమైనదాన్ని ఏదో ఒకదాన్ని తాకాలి, కదిలించాలి, లేదా దాని వెనక్కి వెళ్లి రావాలి. ఒక్కటి చాలు. ఏ తాకిడీ లేకుండా ఉడుత నేల మధ్యలో నిలబడి ఊరికే అటూ ఇటూ చూసే షాటు ఉంటే తీసేయండి, లేదా దాని తోక తగిలి ఒక కాగితం జరిగేలా మార్చండి.

ఇక బొమ్మ రూపం. 2డీనా 3డీనా అన్న ప్రశ్నకు మీ కథే జవాబు చెప్పేసింది. అమ్మాయి పెన్సిలుతో గీసిన ఉడుత అది, గీతల్లోనే ఉండాలి. నున్నటి 3డీ ఉడుత కాగితం మీంచి లేస్తే అది ఆ అమ్మాయిది కాకుండా పోతుంది. అదీకాక 3డీలో మోడలింగ్, రిగ్గింగ్ (బొమ్మ కదలడానికి లోపల చట్రం కట్టడం), వెంట్రుకలు, రెండరింగ్ నేర్చుకుంటూ మూడు నెలల్లో సినిమా తీయడం కుదరదు. రిగ్గింగ్ బాగా వచ్చినవాళ్లు ఎవరైనా మీలో ఉంటే వేరే మాట.

2డీలో గీసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. పాత్ర మీద మీరు పెట్టే ప్రతి అదనపు గీతనూ 480 సార్లు గీయాలి. ఉడుత వీపు మీది చారలు చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి, కానీ శరీరం మెలితిరిగినప్పుడల్లా మూడు చారలూ సరైన వంపులో కూర్చోవాలి, లేకపోతే ఫ్రేము ఫ్రేముకీ వణుకుతాయి. ఒకే వెడల్పాటి చారగా మార్చండి. వేళ్లు మూడు చాలు. కన్ను ఒక చుక్క చాలు, దానిలో ఒక తెల్లటి మెరుపు. తోకను మాత్రం ధారాళంగా ఉండనివ్వండి, ఉడుత మనసులో ఏముందో తోకే చెబుతుంది. గీత కొంచెం వణుకుతూ ఉండడం ఈ కథలో లోపం కాదు, పిల్ల గీసిన బొమ్మకు అది సహజం. పెన్సిల్ ఆకృతి ఉన్న బ్రష్ ఎంచుకుని, చిన్న వణుకును శైలిగా మొదటినుంచీ ఒప్పుకుంటే క్లీనప్ పని చాలా తేలికవుతుంది.

స్టోరీబోర్డు వేశాక దాన్ని ఎడిటింగ్ టైమ్‌లైన్‌లో పెట్టి, తాత్కాలిక శబ్దాలతో యానిమేటిక్ చేసుకోండి. చుక్కలూ గీతలూ అయినా సరే. మామూలు షార్ట్ ఫిల్మ్‌లో ఈ మెట్టు దాటేసినా ఎడిటింగులో సర్దుకోవచ్చు. ఇక్కడ అలా కుదరదు, ఎందుకంటే నటి ఏ క్షణంలో ఎటు చూడాలో, ఉడుత కుర్చీ మీంచి దూకడానికి ఎన్ని ఫ్రేములు పడుతుందో షూటింగుకి ముందే తెలియాలి. లేకపోతే సెట్లో నటి రెండు సెకన్లు ఆగుతుంది, మీ యానిమేషన్‌కు ముప్పావు సెకను చాలు, మిగతా సమయం ఉడుత ఏం చేయాలో తెలియక దిక్కులు చూస్తుంటుంది.

షూటింగ్‌కి వద్దాం. ఎక్కువసేపు ఇక్కడే ఉంటాను.

ఫోనులో అన్నీ తనంతట తానే మార్చుకునే అలవాటును ముందు మాన్పించాలి. ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మూడింటినీ లాక్ చేసే కెమెరా యాప్ వాడండి. షాటు మధ్యలో వెలుతురు ఒక్క మెట్టు మారినా మీరు రంగులు వేసిన ఉడుత మీద ఆ మార్పు రాదు, రెండూ విడిపోతాయి. వీడియోకి హెచ్‌డీఆర్ ఆపేయండి. డిజిటల్ స్టెబిలైజేషన్ కూడా ఆపేయండి. అది ఫ్రేమును లోపల్లోపల సాగదీస్తూ జరుపుతుంటుంది, దాని మీద బొమ్మను నిలబెట్టబోతే కాళ్లు జారుతున్నట్టుంటుంది. షటర్ సెకనులో 50వ వంతు ప్రాంతంలో ఉంచండి. గదిలో దీపాలు మినుకుమంటుంటే మీ కరెంటు 50 హెర్ట్జ్ అయితే 1/50, 60 హెర్ట్జ్ అయితే 1/60 దగ్గర స్థిరపడతాయి. ఇంకొకటి చాలామందికి తెలియదు: ఫోన్లు 24 అని చెప్పినా ఫ్రేముల మధ్య వ్యవధిని కొద్దికొద్దిగా మారుస్తూ రికార్డు చేస్తాయి. దాన్ని అలాగే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఒక ఫ్రేము ఇటూ ఒక ఫ్రేము అటూ అవుతుంది, ఉడుత కాలు పడ్డాక పుస్తకం కదలడానికి బదులు ముందే కదిలిపోతుంది. ఎడిటింగ్ మొదలుపెట్టే ముందే ప్రతి క్లిప్పునూ స్థిరమైన 24 ఫ్రేముల రేటుకు మార్చుకోండి.

ట్రైపాడ్ మీద కదలని షాట్లే తీయండి. 16 ఉడుత షాట్లలో 14 అలా ఉన్నా నష్టం లేదు. చేత్తో పట్టుకుని తీసిన అనుభూతి కావాలంటే ఒక ఉపాయం ఉంది. కదలని షాటును 4కెలో తీయండి, సినిమాను దానికంటే చిన్న ఫ్రేమైన 1080పిలో చేయండి. బొమ్మను కలిపేశాక మొత్తం ఫ్రేముకూ కొద్దిపాటి కుదుపు ఇవ్వండి. మనిషీ బొమ్మా గదీ అన్నీ కలిసే కదులుతాయి కనుక ట్రాకింగ్ (కెమెరా కదలికను లెక్కగట్టి బొమ్మను దానికి జతచేయడం) బాధే లేదు. నిజంగా కెమెరా కదలాల్సిన ఒకటో రెండో షాట్లకు మాత్రం గదిలో దగ్గరా దూరంలో వేర్వేరు లోతుల్లో చిన్న టేపు గుర్తులు అంటించండి, కెమెరాను నెమ్మదిగా జరపండి, షాటు మధ్యలో జూమ్ ముట్టుకోవద్దు. బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లో కెమెరా కదలికను లెక్కగట్టడానికి కనీసం 8 బిందువులు అందాలి, లెక్కలో పొరపాటు 1 పిక్సెల్ లోపు రావాలి.

ప్రతి ఉడుత షాటునూ కెమెరా కదపకుండా వరుసగా నాలుగు సార్లు రికార్డు చేయండి. మొదటిసారి ఉడుత సైజులో ఉన్న మెత్తని బొమ్మనో గుడ్డ ఉండనో కర్రకు కట్టి, ఎవరో ఒకరు దాన్ని యానిమేటిక్‌లో ఉన్న దారిలోనే కదిలిస్తారు, నటి దాన్ని చూస్తూ నటిస్తుంది. ఇది యానిమేటర్‌కి ఆధారం: ఉడుత ఏ దూరంలో ఎంత పెద్దగా కనిపించాలో, నీడ ఎటు పడాలో ఇందులో ఉంటుంది. రెండోది అసలు టేకు, కర్ర లేకుండా. మూడోది ఉడుత నిలబడే చోట మ్యాట్ బూడిదరంగు పూసిన చిన్న బంతి పట్టుకుని తీసిన కొన్ని సెకన్లు. బంతి మీద వెలుగు ఏ వైపు నుంచి వస్తోంది, నీడ అంచు పదునుగా ఉందా మెత్తగా ఉందా అన్నది రంగులు వేసేటప్పుడు దాన్ని చూసే నిర్ణయిస్తారు. నాలుగోది క్లీన్ ప్లేట్: మనుషులెవరూ లేని ఖాళీ ఫ్రేము, ఓ పది సెకన్లు, అదే ఎక్స్‌పోజర్‌తో. దారాలూ చేతులూ టేపు గుర్తులూ చెరపాలంటే వాటి వెనక ఏముందో చూపించేది అదే. సాయంత్రం అందరూ అలిసిపోయినప్పుడు ముందుగా ఎగరగొట్టాలనిపించేది కూడా అదే. నలుగురిలో ఒకరికి ఈ నాలుగూ అయ్యాయో లేదో టిక్కు పెట్టే పని తప్ప ఇంకే పనీ అప్పగించకండి.

చూపు విషయం విడిగా చెప్పాలి. లేని వస్తువును చూస్తున్నట్టు నటించమంటే నటి కళ్లు వెనకున్న గోడ మీద నిలుస్తాయి. దగ్గరి వస్తువును చూసేటప్పుడు రెండు కనుగుడ్లూ కొంచెం లోపలికి తిరుగుతాయి, దూరం చూసేటప్పుడు తిరగవు. ఆ తేడా ప్రేక్షకుడికి మాటల్లో తెలియకపోయినా 'ఈ పిల్ల ఉడుతని చూడట్లేదు' అని వెంటనే తెలిసిపోతుంది. అందుకని నిజంగా చూడ్డానికి ఆమెకు ఏదో ఒకటి ఇవ్వండి. ఉడుత ఒకేచోట కూర్చునే షాటులో అక్కడొక చిన్న రంగు స్టిక్కర్ అంటించి అలాగే ఉంచేయండి, బొమ్మ దాన్ని కప్పేస్తుంది, చెరపాల్సిన పని కూడా ఉండదు. కదిలే షాటులో దారానికి కట్టిన చిన్న పూసను ఉడుత దారిలో లాగండి. నటి పూసను చూస్తుంది, ఆ పూస ఉడుత శరీరం కింద దాక్కుంటుంది, దారాన్ని క్లీన్ ప్లేటుతో చెరిపేస్తారు. గోడలు లేత రంగులో ఉంటే దారం దాదాపు కనిపించదు.

వస్తువులను కదిలించడమూ అంతే. పెన్సిలుకు నైలాన్ దారం కట్టి లాగండి. పేజీ తిరగాలంటే ఫ్రేము బయట నుంచి సన్నని గొట్టంతో ఊదండి. దిండు మీద ఉడుత దూకినట్టు గుంట పడాలంటే దిండు లోపలికి దారం కుట్టి కింది నుంచి లాగండి. 'ఒకటి, రెండు, మూడు, దూకింది!' అని ఒకరు గట్టిగా అరవండి, ఆ శబ్దం ఎలాగూ మార్చేస్తారు. వస్తువు కదలిక నిజమైనది కనుక దాని బరువు, అది ఆగే తీరు, దాని నీడ అన్నీ మీకు ఉచితంగా వస్తాయి. అప్పుడు యానిమేటర్ చేయాల్సిందల్లా ఉడుత కాలును ఆ ఫ్రేముకి సరిగ్గా తీసుకెళ్లడం. కదలికను గీయడం కంటే ఉన్న కదలికకు బొమ్మను జతచేయడం ఎప్పుడూ సులువు.

ఉడుత దేని వెనక్కి వెళ్లాలో కూడా సెట్లోనే ఎంచుకోండి. టేబుల్ అంచు, పుస్తకాల వరుస, తలుపు వంటి గట్టి అంచులున్నవాటి వెనక్కి వెళ్తే మాస్క్ (బొమ్మలో ఏ భాగం దాగాలో చెప్పే హద్దు) గీయడానికి పావుగంట పడుతుంది. అమ్మాయి జుట్టు వెనక్కో, గాలికి ఊగే తెర వెనక్కో పంపితే ఫ్రేము ఫ్రేముకీ మాస్క్ సరిచేస్తూ రెండు రోజులు పోతాయి. గ్రీన్ స్క్రీన్ ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. మనిషి బొమ్మల లోకంలోకి వెళ్లినప్పుడు గ్రీన్ స్క్రీన్ కావాలి. మీ కథలో బొమ్మ మనుషుల గదిలోకి వస్తోంది. మీకది అక్కర్లేదు. ఆకుపచ్చ తెర మీద సమంగా లైటింగ్ చేసే తిప్పలూ నటి అంచుల్లో ఆకుపచ్చ మెరుపు తీసే తిప్పలూ కొనితెచ్చుకోకండి.

షూటింగ్ అయ్యాక ముందు ఎడిటింగ్, ఆ తర్వాతే యానిమేషన్. కట్‌లన్నీ, అంటే షాట్లు మారే చోట్లన్నీ, ఖాయమయ్యేవరకూ ఒక్క క్లీనప్ గీత కూడా గీయకండి. ఒకసారి ఖాయమైతే ప్రతి షాటుకూ కట్‌కి అటూ ఇటూ నాలుగైదు ఫ్రేములు ఎక్కువ మాత్రమే గీయండి. షాట్లను సంఖ్యలతో ఫోల్డర్లలో పెట్టి, వీడియోను ఫ్రేముల వరుసగా మార్చి యానిమేటర్‌కి ఇవ్వండి. తిరిగి వచ్చే బొమ్మలు కూడా పారదర్శక నేపథ్యంతో పీఎన్‌జీ వరుసగానే రావాలి. ఎంపీ4లో పారదర్శకత నిలవదు, అంచులు కూడా పాడవుతాయి.

యానిమేటర్ ముందు అన్ని షాట్లకూ రఫ్ మాత్రమే గీసి సినిమాలో పెట్టి చూడాలి. ఒక షాటును పూర్తిగా రంగుల దాకా తీసుకెళ్లి ఇంకో షాటుకి వెళ్లే పద్ధతిలో సగం సినిమా అందంగానూ సగం ఖాళీగానూ మిగిలిపోయే ప్రమాదం ఉంది. రఫ్ దశలోనే కాలు పడే ఫ్రేము, పుస్తకం కదిలే ఫ్రేము కలిశాయో లేదో తేలిపోవాలి. కాలు పడిన ఫ్రేములోనో దాని తర్వాతి ఫ్రేములోనో వస్తువు కదలాలి. రెండు ఫ్రేములు ఆలస్యమైనా కంటికి తెలుస్తుంది.

టూస్ మీద చేసేవాళ్లు ఒక చిక్కు తెలుసుకోవాలి. కెమెరా కదలని షాటులో బొమ్మను రెండు ఫ్రేములు నిలిపితే ఇబ్బంది లేదు. కెమెరా కదిలే షాటులో గది ప్రతి ఫ్రేములోనూ జరుగుతుంది, బొమ్మ మాత్రం రెండు ఫ్రేములకోసారి జరుగుతుంది, ఫలితంగా ఉడుత నేల మీద వణుకుతూ జారుతుంది. బొమ్మలను రెట్టింపు గీయనక్కర్లేదు. గీతను టూస్ మీదే ఉంచి, దాని స్థానాన్ని మాత్రం ట్రాకింగ్ సమాచారంతో ప్రతి ఫ్రేముకీ జరపండి. సరిపోతుంది.

కంపోజిటింగులో అన్నిటికంటే ముందు వేయాల్సింది కాలి కింది నీడ. గోడ మీద పడే పొడవాటి నీడ తర్వాతి సంగతి. పాదం నేలను తాకేచోట సన్నగా, ముదురుగా, అంచులు కాస్త మెత్తబడిన నీడ లేకపోతే బొమ్మ గాల్లో తేలుతుంది. ఉడుత పైకి ఎగిరినప్పుడు ఆ నీడ పాదాన్ని వదిలి పలచబడి వ్యాపించాలి, దిగగానే మళ్లీ దగ్గరపడాలి. నేల నున్నగా ఉంటే లేత ప్రతిబింబం కూడా కావాలి. 1945 నాటి 'యాంకర్స్ అవే'లో నటుడు జీన్ కెలీ కార్టూన్ ఎలుక జెర్రీతో కలిసి నాట్యం చేసే ఘట్టం చూడండి, మెరిసే నేల మీద కెలీతో పాటు జెర్రీ ప్రతిబింబం కూడా ఉంటుంది.

తర్వాత నలుపు. ఫోను వీడియోలో అతి చీకటి భాగం కూడా పూర్తి నలుపుగా ఉండదు, కాస్త బూడిదగానో నీలంగానో ఉంటుంది. మీరు గీసిన గీత మాత్రం నిక్కమైన నలుపు. ఆ ఒక్క తేడాతో బొమ్మ గదిలోంచి విడిపోయి ముందుకొచ్చేస్తుంది. ఫ్రేములో ఉన్న అతి ముదురు నీడ రంగును ఎంచుకుని గీతను దానికంటే ముదురుగా లేకుండా చేయండి. తెలుపుకీ ఇదే సూత్రం. తర్వాత బొమ్మ అంచును పిక్సెల్‌లో సగం, ఒకటి మేర మెత్తబరచండి, ఎందుకంటే లెన్సులోంచి వచ్చిన ఏ అంచూ అంత పదునుగా ఉండదు. ఉడుత ఫోకస్ లేని చోట ఉంటే ఆ చుట్టుపక్కల వస్తువులంతే మసకబరచండి. చివరగా వీడియోలో ఉన్న గ్రెయిన్‌ను (సన్నటి రేణువుల్లాంటి చుక్కలను) బొమ్మ మీద కూడా వేయండి. చీకటి గదిలో తీసిన షాట్లలో గ్రెయిన్ లేని బొమ్మ చచ్చినట్టుంటుంది. అంచుల వెంట సన్నటి నల్లటి గీటు కనిపిస్తే బొమ్మలో తప్పు వెతక్కండి, పారదర్శకతను సాఫ్ట్‌వేర్ ఏ పద్ధతిలో చదువుతోందో చూడండి: ప్రీమల్టిప్లైడ్, స్ట్రెయిట్ అనే రెండు ఎంపికల్లో ఒకటి మారిస్తే పోతుంది. రంగుల దిద్దుబాటు మాత్రం అన్నీ కలిపేశాకే, మొత్తం ఫ్రేముకి కలిపి చేయండి.

సౌండ్‌కి కనీసం వారం కేటాయించండి. ఉడుత గోళ్లు చెక్క మీద ఒకలా, కాగితం మీద ఇంకోలా, గుడ్డ మీద మరోలా వినిపించాలి. వీలైతే షూటింగ్ చేసిన గదిలోనే, అవే వస్తువుల మీద వేలిగోళ్లతో చేసి రికార్డు చేయండి. ఆ గది ప్రతిధ్వని శబ్దంలోనే ఉంటుంది కనుక చెవి నమ్ముతుంది, చెవి నమ్మాక కన్ను చాలావాటిని క్షమిస్తుంది. ఉడుతకు గొంతు పెట్టాలని ఉందన్నారు. వద్దనే నా అభిప్రాయం. ఊపిరి, చిన్న కిచకిచ చాలు. మాట్లాడిన మరుక్షణం అది ఆ అమ్మాయి రహస్యంగా ఉండదు.

సాఫ్ట్‌వేర్ గురించి తక్కువే చెప్పాలి. యానిమేటర్ చేతికి ఏది అలవాటైతే అదే సరైనది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు కృతా, ఓపెన్‌టూంజ్ రెండూ ఉచితం, చేత్తో గీసే యానిమేషన్‌కు బాగుంటాయి. బ్లెండర్‌లో గ్రీజ్ పెన్సిల్ అనే 2డీ గీత పనిముట్టు, కెమెరా ట్రాకింగ్, కంపోజిటింగ్ మూడూ ఒకేచోట ఉన్నాయి, కెమెరా కదిలే షాట్లకు అది పనికొస్తుంది. ఎడిటింగ్, రంగులు, సౌండ్‌కి డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలు, అందులోనే ఉన్న ఫ్యూజన్‌తో మాస్కులూ నీడలూ కూడా చేసుకోవచ్చు. మూడు నెలల్లో మూడు కొత్త సాఫ్ట్‌వేర్లు నేర్చుకోవాలని మాత్రం అనుకోకండి.

స్క్రిప్టు పూర్తికాకపోయినా ఈ వారమే ఒక పరీక్ష షాటు చేయండి. మూడు సెకన్లు, ట్రైపాడ్ మీద: ఉడుత టేబుల్ మీద పరిగెత్తి పెన్సిలును తోసి పుస్తకం వెనక్కి వెళ్తుంది. నాలుగు రికార్డింగులు, దారం, రఫ్, క్లీనప్, నీడ, గ్రెయిన్, శబ్దం, అన్నీ చివరిదాకా. మీ రోజుకు 15 బొమ్మల లెక్క నిజమో కాదో అందులో తేలుతుంది. 8 అని తేలితే 40 సెకన్లను 20కి తగ్గించి స్క్రిప్టు మార్చుకోవడానికి ఇంకా సమయం ఉంటుంది.

అప్పటికీ చివర్లో రోజులు చాలకపోతే, షాట్లను ఏ వరుసలో వదులుకోవాలో ఇప్పుడే రాసి గోడకు పెట్టుకోండి. మొదట ఉడుత ఒంటరిగా ఉన్న షాట్లు వదిలేయండి, వాటి స్థానంలో చప్పుడు, కదిలే వస్తువు సరిపోతాయి. తర్వాత కెమెరా కదిలే షాట్లు. అమ్మాయీ ఉడుతా ఒకే ఫ్రేములో ఒకరినొకరు చూసుకునే షాట్లను మాత్రం చివరిదాకా వదలకండి. వాటిని షూటింగులో మొదటి రోజే తీయండి, యానిమేషన్‌లో కూడా వాటినే మొదట పూర్తి చేయండి.